మూడు విజిళ్ల కుర్మా

జిల్లా సమన్వయ సంచాలకుల కార్యాలయంలో ఏం పని జరుగుతుందని అడిగితే అక్కడి ఉద్యోగులే కాసేపు ఆలోచించి చెబుతారు. జిల్లాలోని మిగతా ఆఫీసులు ఒకదానికొకటి రాసుకునే ఉత్తరాల నకళ్లు ఇక్కడికొస్తాయి. ఇక్కడ వాటిని సమన్వయపరుస్తారు, అంటే వరసగా పేర్చి ట్యాగు కట్టి బీరువాలో పెడతారు. అరవై మంది పొద్దున పదిన్నర నుంచీ ఈ పని మీద పడి, ఒంటిగంటయ్యేసరికి అలిసిపోయి కింద కాంటీనుకి దిగుతారు. ఆ కాంటీనులో పొయ్యి వెలుగుతుంది, బియ్యం అన్నమవుతుంది, కూరగాయలు కూరవుతాయి. మొత్తం భవనంలో ఒక వస్తువు లోపలికెళ్లి ఇంకో వస్తువై బయటికొచ్చే చోటు అదొక్కటే. దాన్ని నడిపే మనిషి వీరవేణి.

వీరవేణి పదకొండేళ్లుగా అక్కడ వంటమనిషి. పదకొండేళ్లంటే పదకొండు సార్లు చేరిందన్నమాట. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. మార్చి ఆఖరి రోజుతో ఊడిపోతుంది, 'సేవలు సంతృప్తికరం' అని పై అధికారి సంతకం పెడితే ఏప్రిల్ ఒకటిన మళ్లీ అతుక్కుంటుంది. మొగుడు సింహాద్రి ఆటో తిరగబడి నడుం విరగ్గొట్టుకున్నాక ఇల్లు ఆ సంతకం మీదే నిలబడింది. అందుకని ప్రతి ఫిబ్రవరిలోనూ ఆమె చేతి ఉప్పు కొంచెం అటూ ఇటూ అయ్యేది. భయంతో వండే వంట అంతకంటే బాగా కుదరదు మరి.

ఆ ఏడు సరిగ్గా ఫిబ్రవరిలోనే డైరెక్టరు ఫణీంద్ర గారు ఉత్తరాదిన కొండల మీద పదిహేను రోజుల శిక్షణకి వెళ్లొచ్చారు. శిక్షణ దస్త్రాల నిర్వహణ మీద. కానీ ఆయనకి తలకెక్కింది అక్కడి భోజనం. అక్కడ పాలు లేవు, పెరుగు లేదు, నెయ్యి లేదు, వెన్న లేదు. దాన్ని వీగన్ అంటారట. నాలుగు కిలోలు తగ్గి, బెల్టుకి కొత్త కంత పొడిపించుకుని వచ్చిన డైరెక్టరు గారు సిబ్బందిని సమావేశపరిచి, ఆవు పాలు దూడ కోసం ఉద్దేశించబడినవనీ, దూడకి మంజూరైన వాటాని ఇతరులు వినియోగించుకోవడం నిబంధనలకి విరుద్ధమనీ గంటన్నర సేపు వివరించారు. మర్నాటి నుంచి కాంటీనులో పాల పదార్థాలు బంద్.

మజ్జిగ పోయింది, సిబ్బంది ఊరుకున్నారు. టీలో పాలు పోయాయి, అప్పటికీ ఊరుకున్నారు, బయట బడ్డీ ఉంది కాబట్టి. పెరుగు పోయాక మాత్రం ఆఫీసు మొత్తం పుట్టెడు దుఃఖంలో పడింది. పెరుగన్నం తినకుండా చెయ్యి కడుక్కున్న మనిషికి భోజనం మధ్యలో ఎవరో లేపేసినట్టుంటుంది. వారం తిరక్కుండా పెరుగు ప్యాకెట్లు ఫైళ్ల మధ్య రావడం మొదలెట్టాయి. ఆ ఆఫీసు చరిత్రలో ఫైళ్లు అంత జాగ్రత్తగా, అంత నిటారుగా, అంత త్వరగా ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి కదిలింది ఆ నెలలోనే.

డైరెక్టరు గారి రెండో కోరిక వీరవేణికి సంబంధించింది. కొండల మీద తాను తిన్న కూర ఒకటి కాంటీనులో రావాలి. కూరగాయల కుర్మా. మీగడ వేసినట్టు చిక్కగా ఉండాలి, మీగడ ఉండకూడదు. ఈ సంగతి చెప్పడానికి సూపరింటెండెంటు బ్రహ్మాజీరావు గారు చెమటలు కక్కుతూ కిందికి దిగారు. వీరవేణి విని, అంతేనాండి అంది.

ఆ రోజు ఆమె బంగాళదుంప, కేరట్, బీన్స్, కాలీఫ్లవరు, పచ్చి బఠాణీ తీసుకుంది. ఉల్లిపాయ ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోనిచ్చి, ముక్కలు వేసి, మునిగీ మునగనట్టు నీళ్లు పోసి కుక్కరు మూత పెట్టింది. విజిల్స్ వచ్చాక కట్టేసి, ఆవిరి దానంతటదే పోయేదాకా ఆగి మూత తీసింది. అప్పుడు నానబెట్టిన జీడిపప్పు, గసగసాలు వెన్నలా రుబ్బిన ముద్ద కలిపి, సన్న మంట మీద పెట్టి, దించే ముందు చిక్కటి కొబ్బరిపాలు పోసింది. పొయ్యి మీద మరగనివ్వలేదు. గిన్నె దించేసరికి మీగడ వెయ్యలేదంటే ఒట్టేసినా ఎవరూ నమ్మనట్టుంది కూర.

డైరెక్టరు గారు రెండు సార్లు వేయించుకున్నారు. అదే కొంప ముంచింది.

బావున్న వస్తువుని బావుందని ఊరుకోవడం ఆయన చదువుకున్న చదువులో లేదు. సాయంత్రం వీరవేణిని పైకి పిలిపించి, ఇంతటి విజయం ఒక వ్యక్తి చేతి నైపుణ్యం మీద ఆధారపడి ఉండటం వ్యవస్థకి ప్రమాదకరమనీ, దీన్ని తక్షణం ప్రమాణీకరించాలనీ చెప్పారు. ఎలా చేశావో చెప్పమన్నారు. బ్రహ్మాజీరావు గారు కాగితం, కలం పట్టుకుని పక్కన కూర్చున్నారు.

"రెండో మూడో విజిల్స్ రానిచ్చి కట్టేత్తానండి," అంది వీరవేణి. "లేత ముక్కైతే రెండు సాలండి. దుంప ముదురైతే ఇంకోటి రానిత్తాను. ఆనక మూత తీసి, ముక్క నొక్కి సూసి, అప్పుడు జీడిపప్పు ముద్దండి. ఆ వాసనే సెప్పుద్ది ఎప్పుడు దించాలో."

బ్రహ్మాజీరావు గారికి ముప్పై ఏళ్ల సర్వీసు. ఏది రాయొచ్చో ఏది రాయకూడదో ఆయనకి తెలుసు. లేత ముక్క, ముదురు ముక్క అని రాస్తే ఆడిట్ అభ్యంతరాలొస్తాయి. వాసన చెబుతుందని రాస్తే, ఏ అధికారంతో చెబుతుందని అడుగుతారు. మొత్తం మాటల్లో అంకె ఒక్కటే పట్టుకోవడానికి వీలుగా కనబడింది. మూడు విజిల్స్ అని రాసి, కింద 'మరియు అవసరమైన ఇతర చర్యలు' అని రాసి ముగించారు.

పద్నాలుగు పేజీల ఉత్తర్వు వెలువడింది. దాని సారాంశం ఇది. కుర్మాకి కావలసిన సమస్త పదార్థములు మూత పెట్టుటకు పూర్వమే కుక్కరు నందు వేయవలెను. మూత పెట్టిన పిదప ఎవరును పాలు గానీ మీగడ గానీ కలుపుటకు అవకాశము లేకుండా మూతకు లక్కతో కార్యాలయ ముద్ర వేయవలెను. విజిల్స్‌ను బాధ్యత గల ఉద్యోగి స్వయముగా విని, రిజిస్టరు నందు సమయముతో సహా నమోదు చేయవలెను. మూడవ విజిల్ నమోదైన క్షణము నుండి కూర ఉడికినట్లు పరిగణించబడును.

బాధ్యత గల ఉద్యోగిగా జూనియర్ అసిస్టెంటు కుసుమకుమారిని వేశారు. పాతికేళ్ల అమ్మాయి, కొత్తగా చేరింది, చెప్పినది చెప్పినట్టు చేసే దశలోనే ఉంది. కుర్చీ, బల్ల, రిజిస్టరు, గోడ గడియారంతో ఆమెని వంటగదిలో కూర్చోబెట్టారు.

మొదటి రోజు జీడిపప్పు ముద్ద ముందే వేసినందుకు అడుక్కి దిగి అంటుకుంది. కొబ్బరిపాలు విరిగి నీళ్లు నీళ్లుగా, పలుకులు పలుకులుగా విడిపోయాయి. మాడు వాసన రెండో అంతస్తు దాకా పోయింది. లోపల ఏం జరుగుతోందో వీరవేణికి తెలుస్తూనే ఉంది, ప్రాణం ఉసూరుమంటూనే ఉంది, కానీ మూత మీద ప్రభుత్వ ముద్ర ఉంది. రిజిస్టరు మాత్రం చూడముచ్చటగా వచ్చింది. పన్నెండూ ఇరవై రెండుకి ఒకటి, పన్నెండూ ఇరవై ఆరుకి రెండు, పన్నెండూ ఇరవై తొమ్మిదికి మూడు. డైరెక్టరు గారు రిజిస్టరు చూసి సంతోషించారు. కూర చూడలేదు.

మూడో రోజు కుక్కరు ఒకసారి బుస్సుమని సగంలో ఆగిపోయింది. కుసుమకుమారి నిజాయితీగా 'అర విజిల్' అని రాసింది. అర విజిల్‌ని లెక్కలోకి తీసుకోవచ్చా, రెండు అర విజిళ్లు కలిపితే ఒకటవుతుందా అని పై ఆఫీసుకి రాశారు. జవాబు వచ్చేదాకా కుక్కరుని యథాతథ స్థితిలో ఉంచమన్నారు. అది లక్క ముద్రతో అలాగే బల్ల మీద తొమ్మిది రోజులుంది. ఎనిమిదో రోజు నుంచి ఆ బల్ల దగ్గరికి ఎవరూ వెళ్లలేదు.

ఇంకో కుక్కరుతో వంట సాగింది. అప్పుడు ఇంకో చిక్కొచ్చింది. ప్రహరీ అవతల ఆడపిల్లల హాస్టలుంది, వాళ్లకీ కుక్కరుంది. ఓ సోమవారం వీరవేణి లక్క ముద్ర వేయించుకుని పొయ్యి వెలిగించబోతుంటే గోడ అవతల నుంచి వరసగా మూడు విజిల్స్ వినిపించాయి. కుసుమకుమారి ఉత్తర్వు తీసి చదివింది. విజిల్ ఎవరి కుక్కరుదై ఉండాలన్నది అందులో ఎక్కడా లేదు. విన్నది నమోదు చేయాలనే ఉంది. విన్నాక నమోదు చెయ్యకపోతే తప్పు. చేసింది. దాంతో కుర్మా ఉడికినట్లు పరిగణించబడింది. ఉడికిన కూరని మళ్లీ పొయ్యి ఎక్కించడం ఇంధనం దుర్వినియోగం కిందికొస్తుందని బ్రహ్మాజీరావు గారు సలహా ఇచ్చారు.

అరవై మంది పచ్చి బంగాళదుంపలు నమిలారు. పచ్చి బీన్స్ కటకటలాడిస్తూ, ఇది ఉడకలేదండీ అన్న రికార్డు రూము గుమాస్తాకి మెమో ఇచ్చారు. రిజిస్టరులో ఉడికినట్టున్న కూరని ఉడకలేదనడం ప్రభుత్వ రికార్డుని ప్రశ్నించడమే. డైరెక్టరు గారు మాత్రం ముక్కలో సహజత్వం మిగిలిందని మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం ఆయన సెలవు పెట్టి తొందరగా ఇంటికెళ్లారు. మర్నాడూ రాలేదు.

వీరవేణి ఉండబట్టలేక బ్రహ్మాజీరావు గారి బల్ల దగ్గరికి వెళ్లి నిలబడింది. నెలాఖరుకి పన్నెండు రోజులుంది. మాడిన కూర పేరూ పచ్చి కూర పేరూ తన మీదకే వస్తాయనీ, సంతకం పడదనీ ఆమెకి గుబులు. ఒక్కసారి మూత తీసి ముద్ద కలపనివ్వండి, మునుపటిలా చేసి పెడతానని బతిమాలింది.

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. ఆయన సొరుగులోనూ ఓ పెరుగు ప్యాకెట్టు ఉంది కాబట్టి మనిషిలో కాస్త మానవత్వం ఉందనే అనుకోవాలి.

"చూడమ్మా, నీ కూరకి వంక లేదు. నాకు తెలుసు," అన్నారు. "కానీ నీ కూర బావుందని నేనెక్కడ రాయను? దానికి కాలమ్ లేదు."

పైగా ఇంకో వార్త చెప్పారు. హాస్టలు విజిల్స్ గొడవ లేకుండా డైరెక్టరు గారు కొత్త ఎలక్ట్రిక్ కుక్కరు తెప్పిస్తున్నారట. వంట కూడా ఏప్రిల్ నుంచి ఓ ఏజెన్సీ వాళ్లకి అప్పగిస్తున్నారట. వీరవేణి కళ్లనీళ్లు పెట్టుకోలేదు. కిందికి దిగి, ఎవరూ అడక్కుండానే ఉన్న గిన్నెలన్నీ మళ్లీ తోమింది.

ఎలక్ట్రిక్ కుక్కరు వచ్చింది. మెరుస్తూ, మీటలతో, చిన్న తెరతో, చూడ్డానికి ముచ్చటగా ఉంది. దానికి దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు. పదార్థాలు వేసి, ముద్ర వేసి, మీట నొక్కారు. కుసుమకుమారి కలం పట్టుకుని కూర్చుంది. పన్నెండున్నరయింది. ఒంటిగంటయింది. కుక్కరు కిక్కురుమనలేదు. రెండుకి బ్రహ్మాజీరావు గారు దాంతో వచ్చిన పుస్తకం చదివి, నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. శబ్దం రాకపోవడమే దాని ప్రత్యేకతట.

విజిల్ రాదు కాబట్టి నమోదు లేదు. నమోదు లేదు కాబట్టి కూర ఉడకలేదు. ఉడకలేదు కాబట్టి ముద్ర తియ్యడానికి లేదు. ఆ రోజూ, ఆ మర్నాడూ ఆఫీసంతా బయట బడ్డీ వాడి బజ్జీలు తిని బతికింది. ఉత్తర్వు సవరిద్దామా అంటే, సవరిస్తే మొదటిది తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. కుక్కరు వాపసు ఇద్దామా అంటే, దండ వేసిన ఫోటో పై ఆఫీసుకి వెళ్లిపోయింది. ఉత్తర్వూ ఉండాలి, కుక్కరూ ఉండాలి. ఇక లోటు విజిల్ ఒక్కటే. ఆ లోటుని మానవ వనరులతో భర్తీ చేయాలని డైరెక్టరు గారు నిర్ణయించారు.

కుక్కరు తరఫున విజిల్ వేయడానికి ఒక పోస్టు సృష్టించారు. ఆ మనిషి వేసే విజిల్ ప్రభుత్వ రికార్డుకెక్కుతుంది గనుక, కాంట్రాక్టు మనిషి వేస్తే చెల్లదని న్యాయ సలహా వచ్చింది. కాబట్టి పోస్టు పర్మినెంటు. అర్హత, ప్రభుత్వ కార్యాలయంలో కుక్కరు విజిల్స్ విన్న అనుభవం పదేళ్లకి తగ్గకుండా. జిల్లా మొత్తం వెతికితే ఆ అర్హత వీరవేణి ఒక్కదానికే ఉంది.

పదకొండేళ్లు చెయ్యి కాల్చుకుని వండితే రాని పర్మినెంటు అలా వచ్చింది. కాగితం పుచ్చుకున్న రోజు ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాగితంతో పాటు నీలం తాడుకి కట్టిన బస్సు కండక్టరు విజిల్ ఒకటీ, ఒక స్టూలూ ఇచ్చారు. విధుల జాబితాలో మొదటిది, విజిల్ వేయుట. రెండవది, వంట పనిలో ఏ విధముగానూ జోక్యము చేసుకొనకుండుట.

మొదటి విధి కిందే ఇంకో వాక్యం ఉంది. అది బ్రహ్మాజీరావు గారు తన తెలివితేటలన్నీ ధారపోసి చేర్చినది. రేపు ఎవరికైనా కడుపు నొప్పి వస్తే, ఉడికిందని ఎవరు చెప్పారన్న ప్రశ్న వస్తుంది. ఆ జవాబులో తన పేరుండకూడదు, డైరెక్టరు గారి పేరుండకూడదు. అందుకని ఇలా రాశారు: 'విజిల్ సహాయకురాలు కూర విషయమై తాను స్వయముగా తృప్తి చెందిన పిదప మాత్రమే విజిల్ వేయవలెను. ఈ విషయమున ఆమెదే తుది నిర్ణయము.' డైరెక్టరు గారు చదివి, భేష్ అని సంతకం పెట్టారు.

ఏప్రిల్‌లో ఏజెన్సీ వంటమనిషి వచ్చాడు. బట్టతల, పెద్ద మీసం, ఉత్తర్వుని గోడకి అంటించుకుని పేజీ పేజీ చూసి వండేవాడు. రోజూ అదే మాడు, అవే విరిగిన కొబ్బరిపాలు. వీరవేణి స్టూలు మీద కూర్చుని, ఒంటిగంటకి మూడు సార్లు ఊదేది. ఊదిన ప్రతిసారీ సిగ్గుతో చచ్చిపోయేది. తెలిసిన మొహాలు ఆ కూర తినలేక పళ్లెం పక్కకి నెడుతుంటే ఆమె నేల చూసేది. ఇంట్లో సింహాద్రి పర్మినెంటు వచ్చిందిగా ఇంకా ఏడుపు మొహమెందుకే అంటే, నోటితో అబద్ధమాడినా ఇంత బాధుండదంది.

నెలాఖరుకి రాజధాని నుంచి ముగ్గురు పెద్ద అధికారులొచ్చారు. మౌనంగా వండే కుక్కరునీ, మనిషి వేసే విజిల్‌నీ చూసి, రాష్ట్రమంతా పెట్టొచ్చా అని తేల్చడానికొచ్చారు. డైరెక్టరు గారికి అది ప్రమోషన్ లాంటిది. మేడ మీద బల్లకి తెల్లగుడ్డ పరిచారు, అరిటాకులు కడిగి వేశారు. కింద కూర తయారైంది. మూత మీద ముద్ర ఉన్నా మాడు వాసనకి ముద్రలేవీ అడ్డం రావు.

కుసుమకుమారి కలం తీసింది. వీరవేణి విజిల్ నోటి దాకా తీసుకెళ్లి, ఆగింది. అంత మంది ముందు ఆ మాడు కూరని ఉడికిందనడానికి ఆమెకి ఊపిరి రాలేదు. విజిల్ కిందికి వదిలేసింది.

ఒంటిగంటా పదిహేనుకి బ్రహ్మాజీరావు గారు పరుగున దిగి, ఊదమ్మా అన్నారు. వీరవేణి లేచి నిలబడి చేతులు కట్టుకుని చెప్పింది.

"నాకు తృప్తి కలగలేదండి."

ఆయనకి తన వాక్యం తనకే అప్పజెప్పినట్టుంది. వేరే ఎవరితోనైనా ఊదిద్దామంటే చెల్లదు, ముద్ర పగలగొడదామంటే పైన రాజధాని వాళ్లున్నారు. ఆయన మేడెక్కి డైరెక్టరు గారి చెవిలో చెప్పారు. ఆ కాంటీను కట్టాక మొదటిసారి ఓ డైరెక్టరు వంటగదిలో కాలు పెట్టారు.

ఫణీంద్ర గారు ముందు గద్దించారు, తర్వాత ఉత్తర్వు చూపించమన్నారు, అందులో తన సంతకం చూసుకున్నారు. తుది నిర్ణయం అన్న మాట దగ్గర ఆయన వేలు కాసేపు ఆగిపోయింది. మేడ మీద ఆకుల ముందు కూర్చున్న పెద్దాయన దగ్గు వినబడింది.

"ఏ ఏ చర్యలు చేపడితే మీకు తృప్తి కలుగును?" అన్నారు డైరెక్టరు గారు. మీరు అనడం అదే మొదలు.

"ఇది పారబోసి మళ్లీ సేయాలండి. పాత కుక్కరులో, ముద్దర లేకుండా. నేనైతే ముట్టుకోకూడదండి, కాయితంలో రాసేరు. ఆయ్, తమరు సేత్తానంటే పక్కనుండి సెప్తాను."

ఏజెన్సీ మనిషి చేతులెత్తేశాడు, ఉత్తర్వులో లేని వంట తనకి రాదన్నాడు. పైన ముగ్గురికీ ఓ గంట జిల్లా సమన్వయ ప్రగతి మీద స్లైడ్లు వేయమని మనిషిని పంపారు. కింద బ్రహ్మాజీరావు గారు బీన్స్ ఈనె తీశారు. ముక్క సమంగా లేదని వీరవేణి రెండు సార్లు వెనక్కిచ్చింది. కుసుమకుమారి కొబ్బరి తురిమింది. పాత కుక్కరు రెండో విజిల్ వేశాక డైరెక్టరు గారు మూడోదాని కోసం చూస్తుంటే, ముక్క లేతదండి, ఇక కట్టేయమంది వీరవేణి. కట్టేశారు. ఆవిరి పోయేదాకా ఆగండి అంటే ఆగారు. వెన్నలా రుబ్బిన ముద్ద కలిపి, కళ్లద్దాలకి ఆవిరి పట్టగా, మరగనివ్వకండి, తిప్పండి, ఆపకండి అంటుంటే గరిటె తిప్పారు. ఆయన సర్వీసులో ఒక పని మొదట్నుంచి చివరిదాకా కళ్లతో చూడటం అదే మొదటిసారి. చొక్కా చెమటతో తడిసినా మొహంలో కొత్త కుతూహలమొకటి కనబడింది.

వీరవేణి గరిటె కొసతో కాస్త కూర అరచేతిలో వేయించుకుని నాలిక్కి తగిలించింది. చిటికెడు ఉప్పు వేయించింది. మళ్లీ చూసింది. అప్పుడు నిండా ఊపిరి తీసుకుని మూడు సార్లు ఊదింది. గోడ అవతల హాస్టలు పిల్లలు కిటికీల్లోకొచ్చి చూశారు.

పైన ముగ్గురూ మూడేసి సార్లు వేయించుకున్నారు. నివేదికలో జీడిపప్పు ప్రస్తావన గానీ, సన్న మంట ప్రస్తావన గానీ లేదు. రుచికి మూలకారణం తృప్తి చెందిన పిదప వేసిన విజిలేననీ, ప్రతి జిల్లాలోనూ ఒక విజిల్ సహాయకుడిని నియమించాలనీ రాశారు. ఆ సంగతి విని వీరవేణి చాలా సేపు నవ్వింది.

మర్నాటి నుంచి ఆ ఆఫీసులో కొత్త పద్ధతి స్థిరపడింది. విజిల్ సహాయకురాలికి తృప్తి కలిగించు నిమిత్తం రోజుకి నలుగురు అధికారులు వంతుల వారీగా పదకొండింటికి కిందికి దిగుతారు. ముక్కలు తరుగుతారు, పప్పు రుబ్బుతారు, చీవాట్లు తింటారు. మంగళవారం వంతు డైరెక్టరు గారిది, ఆయన మిగతా రోజుల్లో కూడా ఏదో వంక పెట్టుకుని దిగుతున్నారు. వీరవేణి విధుల జాబితా ప్రకారం గరిటె ముట్టుకోదు, స్టూలు మీద కూర్చుని చెబుతుంది. ఒంటిగంటకల్లా కూర చిక్కగా, కమ్మగా, ఎక్కడా విరక్కుండా తయారుగా ఉంటుంది. ఆ కార్యాలయం పెట్టాక, అధికారులంతా కలిసి సమన్వయంతో వేళకి పూర్తిచేస్తున్న పని అదొక్కటే.